సర్టిఫికెట్‌లో కనిపించని తుప్పు

స్టెయిన్‌లెస్ స్టీలుతో ట్యాంకు గానీ పైపులైను గానీ వేయించుకునేవాళ్లు ముందుగా అడిగేది మిల్లు సర్టిఫికెట్. అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం, కార్బన్ 0.08 శాతం లోపు అని ఉంటే అది 304 గ్రేడని తేలుతుంది, సరుకు లోపలికి వస్తుంది. ఆ అంకెల్లో అబద్ధమేమీ లేదు. రేకులో ఏ మూల నుంచి ముక్క కోసి చూసినా దాదాపు అవే వస్తాయి. అయినా ఆ రేకుతో చేసిన ట్యాంకులో యాసిడ్ పోసి కొన్నాళ్లు వాడాక, వెల్డింగు గీతకు కొన్ని మిల్లీమీటర్ల అవతల, ఇరువైపులా సన్నటి పట్టీ మేర లోహం తినేసి కనబడుతుంది. వెల్డు పడిన చోటు చెక్కుచెదరదు. దూరంగా ఉన్న రేకు కొత్తగానే మెరుస్తుంటుంది. మధ్యలో ఆ పట్టీ మాత్రమే పోతుంది. కూర్పు అంతటా ఒకటే అయినప్పుడు అక్కడే ఎందుకు పోయింది? దాదాపు వందేళ్ల పరిశోధన ఈ ప్రశ్నకిచ్చిన జవాబును దగ్గరగా చూస్తే, ఉక్కు మంచిచెడ్డల్ని సగటు కూర్పుతో తేల్చే మన అలవాటు ఎంత తప్పో తెలుస్తుంది. ఏ పాళ్లలో తయారైందన్నది సగం సంగతే. ఏ వేడిలో ఎంతసేపు ఉంది, ఆ వేడిలో దాని లోపలి సరిహద్దుల దగ్గర ఏం జరిగింది అన్నవి కూడా తెలిస్తేనే ఆ ఉక్కు మనకు తెలిసినట్టు.

ఈ ఉక్కును కాపాడేది దాని పైన ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. మందం కొన్ని నానోమీటర్లే. గీసుకుపోతే గాలిలోని ఆక్సిజన్‌తో వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. అయితే అది నిలవాలంటే ఆ చోట లోహంలో క్రోమియం కనీసం 11, 12 శాతమైనా ఉండాలి. అంతకు తగ్గితే ఆ చోటికి రక్షణ లేనట్టే. 18 శాతం వేసేది ఈ హద్దుకు బాగా పైన ఉండాలనే. నికెల్ పని వేరు. పరమాణువుల అమరికను ఆస్టెనైట్ అనే రూపంలో, చల్లారిన తర్వాత కూడా నిలబెడుతుంది. అందుకే ఈ ఉక్కు బాగా సాగుతుంది, వెల్డింగుకు లొంగుతుంది. కంటికి ఏకశిలలా కనబడే ఈ రేకు నిజానికి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అంతకంటే చిన్న రేణువుల సముదాయం. ఒక్కో రేణువులో పరమాణువులు ఒక్కో దిక్కుకు వరుస కట్టి ఉంటాయి. పక్కపక్క వరిమళ్ల మధ్య గట్టు ఏ మడికీ చెందనట్టే, రేణువులు కలిసే చోట ఉన్న సన్నటి పొర ఏ రేణువు వరుసలోనూ ఇమడదు. అక్కడ పరమాణువులు వదులుగా, చిందరవందరగా ఉంటాయి. వాటి మధ్య పరాయి పరమాణువుకు చోటు దొరుకుతుంది, వేడిలో కదలిక సులువవుతుంది, కొత్త పదార్థం పుట్టడానికి అనువు ఏర్పడుతుంది.

ఆ కొత్త పదార్థమే క్రోమియం కార్బైడ్. 1050 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కులోని కార్బన్ అంతా కరిగి ఉంటుంది. అక్కడి నుంచి నీళ్లలో ముంచి చప్పున చల్లారిస్తే అది కరిగిన చోటే ఇరుక్కుపోతుంది, ఎవరికీ హాని చెయ్యదు. కానీ 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉక్కు కాసేపు నిలిచిందంటే, ఇమడలేని కార్బన్ బయటపడే దారి వెతుక్కుంటుంది. సరిహద్దుకు చేరి, అక్కడ 6 కార్బన్ పరమాణువులకు 23 క్రోమియం పరమాణువుల చొప్పున కలుపుకొని కార్బైడ్‌గా స్థిరపడుతుంది. బరువులో లెక్కేస్తే ఒక గ్రాము కార్బన్ దాదాపు పదహారున్నర గ్రాముల క్రోమియాన్ని పట్టేస్తుంది. ఇక్కడ ఒక కూడిక తీసివేత చేసి చూడాలి. ఉక్కులో 0.06 శాతం కార్బన్ ఉండి, అదంతా కార్బైడ్ అయిపోయిందనుకుందాం. పోయే క్రోమియం ఒక్క శాతం. 18లో ఒకటి పోతే 17 మిగులుతుంది. 12 హద్దుకు 17 ఎంతో పైన. కాబట్టి సగటు లెక్క ప్రకారం ఏ ప్రమాదమూ లేదు. లెక్క సరైనదే, ఫలితం మాత్రం తప్పు, ఎందుకంటే ఆ ఒక్క శాతం రేకు అంతటి నుంచీ సమానంగా రాదు.

కారణం ఈ రెండు మూలకాల కదలికలో ఉన్న తేడా. కార్బన్ పరమాణువు చిన్నది. ఇనుప పరమాణువుల సందుల్లోంచి దూరిపోగలదు. 650 డిగ్రీల దగ్గర కూడా రేణువు మధ్య నుంచి సరిహద్దు దాకా చేరుకోగలదు. క్రోమియం పరమాణువు దాదాపు ఇనుము పరమాణువంత ఉంటుంది. పక్క స్థానం ఖాళీ అయితే తప్ప కదలలేదు. అందువల్ల కార్బన్ రేణువు మొత్తం నుంచి వస్తుంది, క్రోమియం మాత్రం సరిహద్దుకు ఆనుకొని ఉన్న చోటు నుంచే రావాలి. కార్బైడ్ పెరిగే కొద్దీ దాని రెండు పక్కలా కొన్ని పదుల నానోమీటర్ల నుంచి వంద, రెండు వందల దాకా క్రోమియం సన్నగిల్లిపోతుంది. 10 శాతం కంటే కిందికి పడిపోవచ్చు. మొత్తం లోహంలో ఈ బక్కచిక్కిన భాగం ఒక శాతం లోపే. కానీ అది ఎక్కడో ఓ మూల పోగుపడి లేదు. రేణువు రేణువునూ చుట్టి, రేకు పైభాగం నుంచి లోపలి దాకా తెగని దారిగా సాగింది. యాసిడ్ ఆ దారి పట్టుకొని లోపలికి దిగుతుంది. చుట్టూ ఆధారం పోయిన రేణువులు ఒక్కొక్కటే ఊడి రాలతాయి. వెల్డింగులో సరిగ్గా ఈ ఉష్ణోగ్రతల మధ్య ఎక్కువసేపు నలిగేది వెల్డుకు కొద్ది దూరంలోని పట్టీయే గనుక నష్టమూ అక్కడే జరుగుతుంది.

జర్మనీలో క్రుప్ కంపెనీ ఈ జాతి ఉక్కుకు 1912లో పేటెంటు కోసం దరఖాస్తు చేసింది. రసాయన కర్మాగారాలు దాన్ని నైట్రిక్ యాసిడ్ పనులకు తీసుకున్నాక ఈ జబ్బు బయటపడింది. జబ్బు చేసిన ముక్కను నేల మీద పడేస్తే లోహపు గణగణ ఉండదు, మొద్దు చప్పుడు వస్తుంది. వంచితే పగుళ్లు విచ్చుకుంటాయి. 1933లో అమెరికాలో ఎడ్గర్ బెయిన్, ఆయన సహచరులు అబార్న్, రూథర్‌ఫర్డ్ ఈ క్రోమియం లోటు సిద్ధాంతాన్ని స్పష్టంగా ముందుంచారు. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కార్బైడే కరిగిపోతోందేమో అన్నవాళ్లున్నారు, కార్బైడ్‌కూ ఉక్కుకూ మధ్య విద్యుత్ ఘటం ఏర్పడి ఉక్కును తినేస్తోందన్నవాళ్లున్నారు, కార్బైడ్ పుట్టినప్పుడు చుట్టూ కలిగే బిగువే కారణమన్నవాళ్లూ ఉన్నారు. ఆ అభ్యంతరాలు న్యాయమైనవే, ఎందుకంటే అంత సన్నటి పొరలో క్రోమియాన్ని కొలిచే సాధనం అప్పటికి లేదు. కానీ బెయిన్ పక్షాన బలమైన సాక్ష్యం ఒకటి మొదటి నుంచీ ఉంది. జబ్బు చేసిన ఉక్కును ఆ వేడిలోనే ఇంకా చాలాసేపు, ముఖ్యంగా 800 డిగ్రీల పైన ఉంచితే కార్బైడ్ పోదు, ఇంకాస్త పెరుగుతుంది కూడా. అయినా జబ్బు నయమవుతుంది. ఆలస్యంగానైనా రేణువు లోపలి నుంచి క్రోమియం నడిచి వచ్చి లోటు పూడ్చడమే దానికి కారణం. కార్బైడే దోషి అయితే ఇలా జరగకూడదు. 1970ల చివరికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు నానోమీటర్ల మేర క్రోమియాన్ని కొలవగలిగాక ఆ లోటు నేరుగా కనబడింది, వాదం చాలావరకు ముగిసింది.

ఇంతకంటే ఆసక్తికరమైన సాక్ష్యం కవల సరిహద్దులది. ఆస్టెనైట్ రేణువుల్లో తరచుగా ఒక భాగం మరో భాగానికి అద్దంలో ప్రతిబింబంలాగా అమరి ఉంటుంది. ఆ రెండింటినీ వేరు చేసే గీతను కవల సరిహద్దు అంటారు. దాన్ని చూడాలంటే ఉక్కు ముక్కను అద్దంలా నునుపు చేసి, 10 శాతం ఆక్సాలిక్ యాసిడ్‌లో పెట్టి, చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియరు చొప్పున ఒకటిన్నర నిమిషం కరెంటు పంపి, కడిగి మైక్రోస్కోపు కింద పెడతారు. ఆరోగ్యంగా ఉన్న ఉక్కులో రేణువులు ఎగుడుదిగుడు మెట్లుగా మాత్రమే విడిపడి కనిపిస్తాయి. జబ్బు చేసిన ఉక్కులో ప్రతి రేణువు చుట్టూ నల్లటి కందకం తవ్వినట్టుంటుంది. ఆ కందకాల మధ్య, రేణువుకు అడ్డంగా, స్కేలు పెట్టి గీసినంత నిటారుగా జంట గీతలు సాగుతాయి. వాటి వెంట చాలాసార్లు ఒక్క గుంట కూడా ఉండదు. అవే కవల సరిహద్దులు. ఇంకా జాగ్రత్తగా చూస్తే, ఆ కవల రేణువు అవతలి సరిహద్దు దాకా పోకుండా మధ్యలోనే ఆగిపోయిన చోట, లేదా గీత మెట్టు తిరిగిన చోట నలుపు దర్శనమిస్తుంది. అదే ఉక్కు, అదే కార్బన్, అదే వేడి, అంతే సమయం. ఒకే రేణువు అంచు మీద ఒక చోట కందకం, వెంట్రుక మందంలో పదో వంతు దూరంలో శుభ్రమైన గీత.

కూర్పుతో దీనికి జవాబు చెప్పలేం. జవాబు అమరికలో ఉంది. నిటారు కవల సరిహద్దులో రెండు వైపుల పరమాణువులూ ఒకే తలాన్ని పంచుకుంటాయి. ఏ పరమాణువూ తన స్థానం తప్పలేదు, సందు లేదు, వదులు లేదు. 304 ఉక్కులో మామూలు రేణు సరిహద్దు శక్తి చదరపు మీటరుకు 800 మిల్లీజౌళ్ల పైమాటైతే, నిటారు కవల సరిహద్దుది 20 దగ్గర, అంటే నలభయ్యో వంతు. కవల రేణువు ఆగిపోయే చోట ఉండే పొంతన లేని అంచుది 200 దగ్గర. కార్బైడ్ పుట్టే వరుస కూడా ఇదే. ముందు మామూలు సరిహద్దులు, ఆ తర్వాత పొంతన లేని కవల అంచులు, బాగా ఆలస్యమయ్యాక నిటారు కవల గీతలు, చివరికి రేణువు లోపలి భాగం. శక్తి ఎక్కువగా ఉన్న సరిహద్దును కార్బైడ్ ఆక్రమిస్తే ఆ శక్తి కొంత ఆదా అవుతుంది, శక్తే లేని చోట ఆ లాభం లేదు. ఈ విషయం నిపుణుల సరదా మాత్రమే కదా, కవల గీతలు తుప్పు పట్టకపోతే మనకేమిటి అని అడగొచ్చు. నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం అదే. రసాయనం మారకుండా సరిహద్దు స్వభావం మారితే ఉక్కు తలరాత మారుతుందని ఇంత సూటిగా చూపే రుజువు మరొకటి లేదు.

ఇక మందుల సంగతి. మొదటిది, వెల్డింగు అయ్యాక వస్తువు మొత్తాన్ని 1050 డిగ్రీలకు వేడి చేసి నీళ్లలో చల్లార్చడం. చిన్న ముక్కలకు బాగుంటుంది గానీ రెండంతస్తుల ట్యాంకును ఏ కొలిమిలో పెడతాం? రెండోది, కార్బన్ మీద క్రోమియం కంటే ఎక్కువ మక్కువ ఉన్న టైటానియం లేదా నియోబియం కలపడం. 321, 347 గ్రేడులు అలా వచ్చినవే. కార్బన్‌ను అవి ముందే పట్టుకుంటాయి, క్రోమియం బతికిపోతుంది. కానీ వెల్డును ఆనుకొని ఉన్న సన్నటి గీతలో వేడి మరీ ఎక్కువై టైటానియం కార్బైడ్ కూడా కరిగిపోతుంది. తర్వాత మళ్లీ మధ్యస్థ వేడి తగిలితే అక్కడ క్రోమియం కార్బైడే పుట్టి, కత్తితో కోసినట్టు ఆ గీత వెంట తుప్పు తింటుంది. మూడోది, కార్బన్‌నే 0.03 శాతానికి దించడం. 304ఎల్, 316ఎల్‌లలో ఆ ఎల్ అర్థం అదే. 0.08 శాతం కార్బన్ ఉన్న ఉక్కు 700 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాల్లో చెడిపోతే, 0.03 శాతం ఉన్నది గంటల తరబడి తట్టుకుంటుంది. వెల్డింగుకు పట్టేది అంతకంటే చాలా తక్కువ సమయం. ఒకప్పుడు కార్బన్ తగ్గించబోతే ఖరీదైన క్రోమియం కూడా కాలిపోయేది. 1954లో యూనియన్ కార్బైడ్‌లో విలియం క్రివ్‌స్కీ గమనించిన ఒక విషయం ఆధారంగా, ఆక్సిజన్‌తో పాటు ఆర్గాన్ ఊది కార్బన్‌ను మాత్రమే తీసేసే పద్ధతి రూపొంది 1968లో ఇండియానా రాష్ట్రంలో ఉత్పత్తిలోకి వచ్చింది. ఈ రోజు ఎల్ గ్రేడు మామూలు గ్రేడుకు దాదాపు సమాన ధరకు దొరకడానికి కారణం ఆ ప్రక్రియే.

మరి ఎల్ గ్రేడు వాడితే గొడవ తీరినట్టే కదా? ఎక్కువ పనులకు తీరినట్టే, అది ఒప్పుకోవాలి. కానీ అన్నింటికీ కాదు. 1974లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో డ్రెస్డెన్ అణువిద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో 304 ఉక్కు పైపుల వెల్డుల పక్కన పగుళ్లు కనబడ్డాయి. తర్వాత అదే రకం రియాక్టర్లు అనేకం ఇదే బాట పట్టాయి. 1982లో న్యూయార్క్ రాష్ట్రంలోని నైన్ మైల్ పాయింట్‌లో పెద్ద పైపులకూ పాకింది. అక్కడ యాసిడ్ లేదు, ఉన్నది 288 డిగ్రీల స్వచ్ఛమైన నీరు, అందులో కొద్దిగా ఆక్సిజన్. వెల్డు వల్ల క్రోమియం లోటు, వెల్డు చల్లారినప్పుడు మిగిలిన బిగువు, ఆ నీరు కలిసి పగులు తెచ్చాయి. అంత తక్కువ వేడిలో కొత్త కార్బైడ్ పుట్టదు, కానీ వెల్డింగులో పుట్టిన బీజాలు ఏళ్ల తరబడి మెల్లగా పెరగగలవని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. 1969లో మొదలైన మన తారాపూర్ రెండు రియాక్టర్లూ ఈ రకానివే. కార్బన్ తగ్గించి, లోటైన బలాన్ని నైట్రోజన్‌తో పూడ్చిన ఉక్కుకు పరిశ్రమ మారింది. అంతటితో ఆగిందా అంటే, 2000ల మొదట్లో జపాన్‌లో 316ఎల్ భాగాల్లోనూ పగుళ్లు వచ్చాయి. అక్కడ కార్బైడ్ కాదు, యంత్రంతో చెక్కినప్పుడు గట్టిపడిన పైపొర కారణం. గాఢమైన నైట్రిక్ యాసిడ్‌లో కార్బైడే లేని ఉక్కు కూడా సరిహద్దుల్లో చేరిన సిలికాన్, ఫాస్ఫరస్ వల్ల దెబ్బతింటుంది. అందుకే వాడిన అణు ఇంధనాన్ని శుద్ధి చేసే పనికి కార్బన్‌తో పాటు ఆ రెండింటినీ అదుపు చేసిన ప్రత్యేకమైన ఉక్కు కావాలి. ఇవన్నీ సగటు కూర్పు పత్రంలో పట్టని నష్టాలే. ప్రతిసారీ దెబ్బ తగిలింది సరిహద్దుకో పైపొరకో.

కార్బన్ ఇంత చేటు చేస్తుంటే పూర్తిగా తీసిపారేస్తే పోదా అన్నది మరో అభ్యంతరం. థర్మల్ కేంద్రం బాయిలర్ గొట్టాలను చూస్తే ఆ ఆలోచన నిలవదు. 304హెచ్ అనే గ్రేడులో కార్బన్ 0.04 శాతం కంటే తక్కువ ఉండకూడదని నియమం. 550 డిగ్రీల పైన ఏళ్ల తరబడి ఒత్తిడి భరించే గొట్టంలో రేణువులు ఒకదాని మీద ఒకటి జారుతూ గొట్టం మెల్లగా సాగుతుంది. సరిహద్దు మీద విడివిడిగా కూర్చున్న చిన్న కార్బైడ్ కణాలు ఆ జారుడును ఆపుతాయి. పొడి వేడిలో యాసిడ్ లేదు గనుక క్రోమియం లోటు అక్కడ పెద్ద చేటు చెయ్యదు. అదే కణం ఒకచోట కాపలా, ఇంకోచోట కన్నం. కార్బైడ్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు పని జరిగే చోటు చెప్పకుండా జవాబు లేదు.

కవల సరిహద్దుల పాఠాన్ని కొందరు పనిలో పెట్టారు. 1984లో జపాన్ శాస్త్రవేత్త తడావో వతనబే సరిహద్దుల్ని మనమే ఎంచి రూపొందించాలన్న ఆలోచన ముందుంచాడు. 2002లో తొహోకు విశ్వవిద్యాలయం బృందం మామూలు 304 ఉక్కునే తీసుకొని 5 శాతం మేర వత్తి, 927 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచింది. ఆ కొద్ది నలుగుడు కొత్త కవలల్ని విరివిగా పుట్టించింది, వదులు సరిహద్దుల అల్లిక ముక్కలైంది. తుప్పు వేగం గణనీయంగా తగ్గింది. మిల్లు సర్టిఫికెట్‌లో మాత్రం ఒక్క అంకె మారలేదు. దీనికీ హద్దులున్నాయి. మూడు రోజుల కొలిమి ఖర్చు తక్కువ కాదు, దళసరి పలకల్ని సమంగా 5 శాతం వత్తడం తేలిక కాదు. కవల గీతలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, చెడ్డ సరిహద్దుల దారి ఎక్కడైనా తెగిందా అన్నదే ముఖ్యం గనుక లెక్కపెట్టి సంబరపడినా లాభం లేదు. అయినా ఎల్ గ్రేడు దారి మూసుకుపోయిన చోట, కార్బన్ ఉండి తీరాల్సిన చోట, ఈ దారి మీద ఇంకా పెట్టుబడి పెట్టాలన్నది నా అభిప్రాయం.

మన దగ్గర దీని అవసరం చిన్నది కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ తీరాన ఉన్న మందుల కర్మాగారాల్లో 316ఎల్ పాత్రలు, పైపులు రోజంతా ఆమ్లాలు, ద్రావకాలతో పని చేస్తాయి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అణు రియాక్టర్లకు స్టెయిన్‌లెస్ గొట్టాలు తయారు చేస్తుంది. కల్పాక్కం ఫాస్ట్ రియాక్టర్‌కు నైట్రోజన్ కలిపిన 316 ఎల్ఎన్ ఉక్కును ఎంచడంలో ఈ సరిహద్దుల గొడవ ఒక ముఖ్య కారణం. ఇంట్లో వంటపాత్రల గురించి ఎవరూ కంగారు పడనక్కర్లేదు. పలుచటి రేకు కాబట్టి చప్పున చల్లారుతుంది, చింతపండు పులుసు బలం ఆ పనికి చాలదు. ఆలోచించాల్సింది పాల ట్యాంకు, యాసిడ్ ట్యాంకు, రసాయనాల పైపులైను వేయించేవాళ్లు. ఆర్గాన్ వెల్డింగు చేసేవారిని ఎక్కువ కరెంటుతో నెమ్మదిగా లాగవద్దని, ఒక వరస చల్లారాకే ఇంకో వరస వేయమని, 304ఎల్‌కు 308ఎల్ రాడ్డే వాడమని ముందే చెప్పండి. ఆర్డరులో గ్రేడు పేరుతో పాటు సరిహద్దు తుప్పు పరీక్ష కూడా రాయించండి. ఎల్ గ్రేడు నమూనాను ముందు 675 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి, వెల్డింగు పెట్టగల కష్టమంతా పెట్టి, ఆ తర్వాతే ఆక్సాలిక్ యాసిడ్‌లో పెడతారు. అందులో కందకాలు కనబడకపోతే సరుకు తీసుకోవచ్చు. కనబడితే వెంటనే తిప్పిపంపకుండా, మరిగే ఫెర్రిక్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ మిశ్రమంలో 120 గంటల పరీక్ష చేయించి, ఆ ఫలితం చూసి నిర్ణయించండి.